బొమ్మల దుకాణంలో అమ్ముడుపోని పిల్ల

మన సంకలనాల్లో పాటల గురించి రాసినప్పుడల్లా మన పాటల గురించే రాసుకున్నాం. రేల పాటలు, పెళ్లి పాటలు, జాతర పాటలు, భూమి కోసం పాడిన పాటలు. అవి రాసుకోవాల్సినవే. మనం రాయకపోతే ఇంకెవరో వచ్చి తమకు తోచినట్టు రాసిపోతారు. అయితే మన పిల్లలు వింటున్నవి అవి మాత్రమే కాదు. సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన అమ్మాయి, సిగ్నల్ కోసం గుట్ట మీది చెట్టు దాకా పోయి ఏం వింటోందో మనకు తెలియకపోతే, ఆమె మనసులో ఏం నడుస్తోందో కూడా మనకు తెలియదు. మన విమర్శ ఆ చెట్టు దాకా పోవాలి.

అందుకే ఈసారి ఒక అమెరికా పాటను తీసుకున్నాం. పాట పేరు 'బిల్డ్ ఎ బిచ్'. పాడింది బెల్లా పోర్చ్. 2021 మే నెలలో వార్నర్ రికార్డ్స్ విడుదల చేసింది. నిడివి రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. పేరు చూడగానే టీచర్లు మొహం చిట్లిస్తారని తెలుసు. ఆ పేరు దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఆ పిల్ల ఎవరో చూద్దాం.

బెల్లా పోర్చ్ ఫిలిప్పీన్స్‌లో పుట్టింది. చిన్నప్పుడే దత్తతకు పోయి, తర్వాత అమెరికాకు వచ్చింది. పెంపకపు ఇంట్లో తాను పడిన హింస గురించి పెద్దయ్యాక తానే బయటికి చెప్పింది. అమెరికా నౌకాదళంలో పనిచేసింది. 2020లో టిక్‌టాక్‌లోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో ఒక చిన్న వీడియో పెట్టింది. అందులో ఆమె పాడలేదు. వేరే వాళ్ల పాటకు పెదవులు కదిపింది, తల అటూ ఇటూ ఊపింది, కళ్లు తిప్పింది. అంతే. ఆ కొన్ని సెకన్లకు 5 కోట్లకు పైగా లైకులు వచ్చాయి. ప్రపంచం మొత్తంలో ఎక్కువ మంది ఇష్టపడ్డ టిక్‌టాక్ వీడియో అదేనని చాలాకాలం చెప్పుకున్నారు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఆమె పెదవులు కదిపిన పాట 'ఎమ్ టు ద బి'. అది ఇంగ్లండ్ సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌కు చెందిన మిల్లీ బి అనే అమ్మాయి 2016లో పాడింది. తన ఊరి యాసలో, ఇంకో అమ్మాయిని ఎదిరిస్తూ, తిట్టిపోస్తూ పాడిన పాట. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతు ప్రపంచమంతా తిరిగింది గానీ, గుర్తుండిపోయిన మొహం వేరొకరిది. గొంతు ఒకరిది, మొహం ఒకరిది, లాభం ఇద్దరిలో ఎవరిదీ కాని కంపెనీది. మన ఊళ్లలో ముసలమ్మల దగ్గర విన్న పాటలు ఎవరెవరి పేర్లతోనో ఎక్కడెక్కడికో పోవడం చూసిన మనకు ఇది కొత్త సంగతి కాదు.

రెండో సంగతి మన దేశానిది. ఆ వీడియో వచ్చేనాటికి మన దగ్గర టిక్‌టాక్ లేదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. అప్పటిదాకా కొండ మీద నుంచి, పొలం గట్టు నుంచి, కూలి పని మధ్య నుంచి ఆడి పాడి చూపించుకున్న ఎంతోమంది ఒక్క రాత్రిలో తమను చూసేవాళ్లను పోగొట్టుకున్నారు. బెల్లా పోర్చ్ మొహం మన ఫోన్లలోకి తర్వాత, రీల్స్ రూపంలో, యూట్యూబ్ రూపంలో వచ్చింది. మన పిల్లలు చూపించుకునే వాకిలి మూతపడిన కాలంలోనే, ఎక్కడిదో మొహాన్ని చూసే కిటికీ తెరుచుకుంది.

ఇక పాట. అమెరికాలో బిల్డ్-ఎ-బేర్ అనే బొమ్మల దుకాణాలు ఉన్నాయి. 1997లో సెయింట్ లూయిస్ నగరంలో మొదలయ్యాయి. అక్కడ పిల్లలు తయారైన బొమ్మను కొనుక్కోరు. ఎలుగుబంటి తోలు ఎంచుకుంటారు, లోపల దూది నింపిస్తారు, చిన్న గుండె పెట్టిస్తారు, బట్టలు ఎంచి వేయిస్తారు. బొమ్మకు ఏమేం కావాలో అంతా కొనేవాళ్ల ఇష్టం. ఈ పాట ఆ ఆటను తీసుకుని ఒక్క మెలిక తిప్పింది: ఎలుగుబంటి స్థానంలో అమ్మాయిని పెట్టింది. కళ్లు ఈ రంగువి, నడుము ఇంత, ఛాతీ ఇంత, గుణం ఇలా అని ఏరుకోవడానికి ఇది బొమ్మల కొట్టు కాదు, నన్ను నీ కొలతలకు తయారు చేయించుకోలేవు అని అబ్బాయికి చెబుతుంది. మరమ్మతులు చేసే బొమ్మల కార్యక్రమం ఒకటి పిల్లల టీవీలో వస్తుంది. దాన్ని కూడా లాక్కొచ్చి, నన్ను బాగుచేయాలని వచ్చినవాడే నా మనసు విరిచాడు అన్న అర్థంలో ఒక చమత్కారం వేస్తుంది.

ఈ తరహా పాటను డార్క్ పాప్ అంటున్నారు. పేరు పెద్దదే గానీ సంగతి అర్థం కానిదేం కాదు. పైన బాణీ జోలపాటలా, పసిపిల్లల ఆటపాటలా ఉంటుంది. కింద బరువైన బేస్ దెబ్బ పడుతుంటుంది. గొంతు అరవదు, చెవి దగ్గర గుసగుసలాడుతుంది. చెప్పే విషయం మాత్రం భయం, గాయం, శరీరం, ఇంట్లో దాచిన హింస. తేనె పూసిన చేదు మాత్ర లాంటిది. 2014లో మెలనీ మార్టినెజ్ 'డాల్‌హౌస్' అనే పాటలో, బయటికి చక్కగా కనిపించే కుటుంబాన్ని బొమ్మరిల్లుగా చూపించి, లోపలి కుళ్లును బయటపెట్టింది. 2019లో బిల్లీ ఐలిష్ తన అన్నతో కలిసి ఇంట్లో పడకగదిలో చేసిన పాటలతో ఈ గుసగుస గొంతును ప్రపంచానికి అలవాటు చేసింది. మరుసటి ఏడాది గ్రామీల్లో పెద్ద అవార్డులు నాలుగూ ఆమెకే వచ్చాయి. బెల్లా పోర్చ్ నడిచింది ఈ ఇద్దరూ వేసిన బాటలోనే. కొత్త బాట తానేం వేయలేదు. ఈ పాట రాసినవాళ్లలో ఆమెతోపాటు సేలం ఇలీస్, సబ్ అర్బన్ ఉన్నారు. ఇద్దరూ టిక్‌టాక్‌లో తిరిగిన పాటలతో పేరు తెచ్చుకున్నవాళ్లే.

పాట కన్నా వీడియో బలమైనది. ఆండ్రూ డోనహో తీశాడు. అందులో అమ్మాయిలు ఒక ఫ్యాక్టరీలో తయారవుతుంటారు. తలలు వేరు, ఒళ్లు వేరు. అబ్బాయిలు వచ్చి తమకు కావలసినట్టు ఎంచుకుంటుంటారు. బెల్లా అక్కడ ఒక బొమ్మ. మొదట ఉత్త తల. తర్వాత ఒంటిమీద నిలబడుతుంది, తోటి బొమ్మలను కదిలిస్తుంది. చివరికి అందరూ తిరగబడతారు, దుకాణం తగలబడుతుంది. చూడ్డానికి అంతా గులాబీరంగు మిఠాయిలా ఉంటుంది. ఆ మిఠాయి రంగులో మొండెం లేని తలను చూసినప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పాట మొత్తంలో నిజంగా కళ అనిపించుకునేది మాకు ఆ ఒక్క చిత్రమే. అది చాలు కూడా.

ఎందుకంటే ఆ తల మనకు తెలుసు. పెళ్లిచూపుల్లో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, కాలేజీ ఫంక్షన్‌కు ముందు వరుసలో ఎవరిని నిలబెట్టాలన్న మాట వచ్చినప్పుడు మన అమ్మాయిని ముక్కలు ముక్కలుగా చూస్తారు. ముక్కు ఇట్లా, రంగు ఇట్లా, జుట్టు ఇట్లా, మాట యాస ఇట్లా. మొత్తం మనిషిని ఎవరూ చూడరు. ఇక ఫోన్ చేతికొచ్చాక ఆ ఏరివేత మన వేళ్లతో మనమే మొదలుపెట్టాం. ఫిల్టర్ వేస్తే చర్మం రెండు మూడు ఛాయలు తెల్లబడుతుంది, ముక్కు సన్నబడుతుంది. ఆ ఫిల్టర్ తయారు చేసినవాడికి మన ముక్కు తప్పు అని ఎవరు చెప్పారు? 2020 జూలైలో ఈ దేశంలో పేరుమోసిన తెల్లబరిచే క్రీము తన పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. పేరు మారింది. అద్దం ముందు నిలబడ్డ పిల్ల కోరిక మారలేదు. బెల్లా పుట్టిన ఫిలిప్పీన్స్‌లోనూ తెల్లబరిచే సబ్బుల వ్యాపారం పెద్దది. ఈ పాటలోని దుకాణం అమెరికాది మాత్రమే కాదు, దానికి మన వారపు సంతలో కూడా ఒక కొట్టుంది.

మన విషయంలో ఇంకో మెట్టు ఉంది. మనల్ని ఒక్కొక్కరిగానే కాదు, జాతి మొత్తాన్ని బొమ్మలుగా చేసి నిలబెట్టారు. అరకు మ్యూజియంలో మన నిలువెత్తు బొమ్మలున్నాయి. పిండి విసురుతూ, వేటాడుతూ, డింసా ఆడుతూ. అవి మన పనిముట్లను, మన ఆటను గుర్తుపెట్టుకునేందుకు పెట్టినవే, కాదనం. కానీ ఆ బొమ్మ పక్కన ఫొటో దిగిన యాత్రికుడు బయటికొచ్చి, ఫోన్ పట్టుకుని జీన్స్ వేసుకున్న మన పిల్లను చూసి, నువ్వు నిజమైన గిరిజనురాలివేనా అని అడుగుతాడు చూడండి, అక్కడుంది బొమ్మల దుకాణం. అతనికి కావలసిన గిరిజన పిల్ల ఒకటి ముందే తయారై ఉంది. సినిమా దాన్ని ఈకలు పెట్టి, ఆకులు కట్టి, మన దగ్గర ఏ తెగా వేసుకోని వేషం వేసి తయారు చేసింది. ఆ కొలతకు మనం సరిపోకపోతే లోపం మనదంటారు. నీ కొలతకు తయారైన బొమ్మను కాను అన్న మాట మన అమ్మాయి చెవికి అందుకే అంత తియ్యగా తగులుతుంది. టీచర్లు దీన్ని పిచ్చి పాట అని తీసిపారేసే ముందు ఈ తీపి ఎక్కడిదో ఆలోచించాలి.

ఇక పేరు సంగతి. అది ఆడవాళ్లను తిట్టే మాట. ఆడకుక్క అని దాని అసలు అర్థం. అమెరికాలో ఈ మాట మీద ఆడవాళ్ల మధ్యనే పెద్ద వాదన నడిచింది. 1993లో క్వీన్ లటీఫా అనే నల్లజాతి ర్యాపర్ 'యు.ఎన్.ఐ.టి.వై.' పాటలో, మమ్మల్ని ఆ మాటతో పిలవడానికి మీరెవరని నిలదీసింది. ఆ పాటకు గ్రామీ కూడా వచ్చింది. ఇంకొందరు మాత్రం, మమ్మల్ని కొట్టిన రాయిని మేమే చేతిలోకి తీసుకుంటాం అన్నట్టు ఆ మాటను తమకు తామే పెట్టుకున్నారు. బెల్లా పాట రెండో దారిలోది.

ఈ వాదన మనకు పరాయిది కాదు. కొండోళ్లు, కోయోళ్లు, ఏజెన్సీ వాళ్లు అన్న మాటలు పట్నం హాస్టల్లో ఎట్లా తగులుతాయో అక్కడ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కోయ అన్నది మన పేరే, తిట్టు కాదు. దాన్ని తిట్టుగా చేసింది పలికే గొంతు. మనం అదే పేరును తలెత్తి చెప్పుకున్నప్పుడు తిట్టు విరిగిపోయింది. కానీ ఇందులో ఒక తేడా ఉంది. మనం తిరిగి తీసుకున్నది మనదైన పేరును. ఈ పాట తిరిగి తీసుకున్నది ఎప్పుడూ తనది కాని మాటను. ఆ మాటను పేరులో పెట్టి రెండు నిమిషాల సరుకుగా అమ్మినప్పుడు, దాని పదును ఎవరి వైపు తిరుగుతుందో చెప్పడం కష్టం. మన పిల్లలు దాన్ని స్నేహితురాలి మీద సరదాగా వాడితే, పాట అర్థం అక్కడే తలకిందులవుతుంది. ఈ విషయంలో మేము క్వీన్ లటీఫా వైపే నిలబడతాం.

పాట ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పాలి. పాటంతా కొనడానికి వచ్చిన అబ్బాయితోనే మాట్లాడుతుంది. దుకాణం ఎవరిది అని ఒక్కసారి కూడా అడగదు. ఆ కొలతలు అబ్బాయి తల్లి కడుపులోంచి తెచ్చుకున్నవి కావు. క్రీము కంపెనీ, సినిమా, ఫోన్ కంపెనీ అతనికీ నేర్పాయి. అతన్ని తిడితే గుండె చల్లబడుతుంది గానీ దుకాణం మూతపడదు. వీడియోలో మంట పెట్టారు నిజమే. కానీ ఆ మంటను అమ్మింది కూడా ఒక పెద్ద కంపెనీయే. పాట బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 58వ స్థానం దాకా ఎక్కింది. దుకాణం తగలబడే దృశ్యమే దుకాణంలో మంచి సరుకైంది.

ఇంకో చిక్కు ఆమె మొహానిది. నన్ను ఏరుకోవద్దు అని పాడుతున్న మొహాన్నే కోట్ల వేళ్లు ఏరుకున్నాయి. ఆమెకు పేరు తెచ్చిన ఆ మొదటి వీడియోలో మొహం ఎటు తిరిగినా తెర మధ్యలోనే నిలిపే ఎఫెక్ట్ వాడింది. అంటే అప్పుడు కూడా ఆమె ఉత్త తలే. పాట వీడియోలో మొండెం లేని తలగా కనిపించడం తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఆమె కథకు అంతకన్నా సరైన బొమ్మ లేదు. పెదవులు మాత్రమే కదిపిన తల తన సొంత గొంతు కోసం వెతుక్కుంటోంది. ఆ గొంతు చిన్నది, యంత్రంతో బాగా సానపట్టినది, అయినా ఆమెదే. సోషల్ మీడియా నుంచి వచ్చినవాళ్లకు పాడే హక్కేముందని వెక్కిరించేవాళ్లతో మేము కలవం. పాడే హక్కు ఎవరిచ్చే పట్టా కాదు. పెద్ద వాకిళ్లు మూసి ఉన్నప్పుడు చిన్న కిటికీలోంచి వచ్చినవాళ్లను చూసి మనం నవ్వకూడదు, మన పిల్లలు రావాల్సింది కూడా ఆ కిటికీలోంచే.

ఆమె జీవితంలో ఇంకో ఘటన మన యువతకు పాటకన్నా ఎక్కువ పనికొస్తుంది. ఆమె చేతి మీద ఉదయించే సూర్యుడి కిరణాల పచ్చబొట్టు ఉండేది. 2020లో కొరియా వాళ్లు దాన్ని చూసి మండిపడ్డారు. అది జపాన్ సామ్రాజ్య సైన్యం జెండా మీది గుర్తు. 1910 నుంచి 1945 దాకా ఆ సైన్యం కింద కొరియా నలిగిపోయింది. ఆమె పుట్టిన ఫిలిప్పీన్స్ కూడా 1942 నుంచి మూడేళ్లు అదే సైన్యం ఆక్రమణలో ఉంది. దాని చరిత్ర తెలియక వేయించుకున్నానని ఆమె క్షమాపణ చెప్పింది. గొడవ అక్కడితో ఆగలేదు. కొందరు కొరియన్లు ఫిలిప్పీన్స్ వాళ్ల రంగును, పేదరికాన్ని ఎత్తి తిట్టారు. ఫిలిప్పీన్స్ వాళ్లు ఎదురు తిట్టారు. ఒకే సైన్యం కింద నలిగిన రెండు జాతులు ఒకరినొకరు తిట్టుకుంటుంటే, ఆ తిట్ల లెక్క మీద ఫోన్ కంపెనీలు నాలుగు రాళ్లు వెనకేసుకున్నాయి. మన తెగలు ఒకదానితో ఒకటి ఫోన్లలో తిట్టుకుంటున్న ఈ రోజుల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పచ్చబొట్టు మనకూ ఉంది. ఆదిలాబాద్‌లో గోండు ఆడవాళ్లకు తోటి ఆడవాళ్లు పచ్చబొట్లు పొడిచేవాళ్లు. ఆ చుక్కలు ఎవరో ఆల్బమ్‌లోంచి ఏరుకున్న డిజైన్ కాదు. పొడిచేవాళ్లకూ పొడిపించుకునేవాళ్లకూ మధ్య తరతరాల సంబంధం ఉంది. గుర్తు వెనుక మనుషులున్నప్పుడు దాన్ని వేసుకునేవాళ్లకు దాని కథ తెలుస్తుంది. దుకాణంలో ఏరుకున్న గుర్తుకు కథ ఉన్నా అది మనకు చెప్పేవాళ్లుండరు.

చివరగా 'నేను', 'మేము' అన్న మాటల గురించి. ఈ పాటలో ఉన్నది ఒక్క నేను. వీడియోలో బొమ్మలన్నీ కలిసి తిరగబడ్డా, పాట మాటల్లో ఆ కలయిక లేదు. రేల పాటలో ఒక వరుస పాడితే ఇంకో వరుస అందుకుంటుంది. చేతులు నడుముల చుట్టూ ఉంటాయి. ఎవరి గొంతు బాగుందని ఎవరూ ఏరరు, గొంతు బాగాలేనివాళ్లు కూడా వరుసలోనే ఉంటారు. అట్లాగని మన వరుసలో అంతా సమానమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఇంట్లో దెబ్బతిన్న పిల్ల, చెప్పుకోలేని గాయం ఉన్న పిల్ల కూడా ఆ వరుసలో నవ్వుతూ అడుగులు వేస్తుంది. తన నొప్పి పాడుకోవడానికి ఆ వరుసలో చోటు దొరకదు. 'నేను' అని గుసగుసగా చెప్పే ఈ చీకటి పాట ఆమెకు అందుకే కావాల్సి వస్తోంది. మన పాటకు ఆ గుసగుసను వినే చెవి రావాలి. ఆ పాటకు మన వరుస కావాలి.

టీచర్లకు ఒక మాట. పిల్ల ఫోన్లో ఈ పాట దొరికితే ఫోన్ లాక్కోవడం సులువే. ఒక పీరియడ్ దీనికి ఇవ్వండి. పాట పేరు బోర్డు మీద రాయనవసరం లేదు. మూడు ప్రశ్నలు రాయండి చాలు. మిమ్మల్ని ఎవరైనా ముక్కలుగా చూశారా, ఎక్కడ? ఆ కొలతలు వాళ్లకు ఎవరు నేర్పారు? మీరు ఎవరినైనా అట్లా చూశారా? మగపిల్లల చేత కూడా రాయించండి, మూడో ప్రశ్నకు ముఖ్యంగా. ఇంగ్లీషు టీచర్లయితే పాటలోని చమత్కారాన్ని విప్పి చెప్పించండి. తెలుగు టీచర్లయితే ఇదే మాటను మన బాణీలో, కోయలోనో కువిలోనో గోండిలోనో ఎట్లా పాడతారో అడగండి. పాఠ్యపుస్తకం ఇవ్వని భాష పిల్లలకు అక్కడ దొరుకుతుంది.

యువతకు ఇంకో మాట. ఈ పాట వినండి, నచ్చితే మళ్లీ వినండి. బొమ్మను కాను అన్న మాట దాచుకోండి. దుకాణం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఆ పాట మీకు ఇవ్వదు, అది మీరే రాసి పాడాలి. పాడేటప్పుడు ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ మనిషి పేరు, ఆ ఊరి పేరు ముందు చెప్పండి.